పగటి బల్లియు, పద్మశాలి వాడయు

షోలాపురము తూర్పు భాగమున సాఖర్ పేట మొదలు అక్కలకోట దారి వఱకు వ్యాపించియున్న తెలుగు పద్మశాలి వాడలలో క్యాలెండరు లేని గోడ అరుదు. తేదీల గళ్లలో మగ్గము కూలి లెక్కయు, పాలవాని లెక్కయు, ఇంటి యాడువారు చుట్టి యిచ్చివచ్చిన బీడీల లెక్కయు పడుచుండగా, వెనుకటి పుటలలో ఒకదానియందు, రాహుకాల వర్జ్యముల సరసన, గౌళిపతన ఫలముల పట్టిక యుండును. శిరస్సుపై బడిన నొక ఫలము, భుజముపై బడిన నొకటి. పురుషులకు కుడి, స్త్రీలకు ఎడమ. దోషమునకు స్నానము, దీపము. అంతటితో తృప్తిలేనివారికి కంచి వరదరాజస్వామి యాలయములోని బంగారు బల్లి, వెండి బల్లి. బల్లి మన దేహమున నెచ్చోట బడిన నేమగునో ఇంత సూక్ష్మముగ విచారించిన ఆ పట్టికలో, బల్లి యేమి తినునో, ఎన్ని గ్రుడ్లు పెట్టునో, ఏ జాతి పగలు సంచరించునో, ఏ జాతి రాత్రి సంచరించునో తెలుపు పంక్తి యొక్కటియు లేదు. శకునమును నమ్మువారితో నాకు తగవు లేదు. పెద్దలనాటి నమ్మకమును ఒక వ్యాసముతో పెకలింపవలెనను ఉబలాటమును లేదు. కాని జంతువును గూర్చిన యెఱుక లేకుండ జంతువు ఫలమును మాత్రమే చదువుట అలవాటైన ఇండ్లలోనికి ఇటీవల మఱియొక వింత ప్రవేశించుచున్నది గనుక ఈ నాలుగు మాటలు వ్రాయవలసివచ్చినది.

ఆ వింత పచ్చని బల్లి. మన యువకుల చేతి ఫోనులలో అది నిత్యము కనబడుచున్నది: లేతచిగురు వన్నె మేను, వీపున కెంపు చుక్కలు, గాజుపెట్టె, పెట్టెలో దీపము, దానిని పెంచు దొరబిడ్డ. పెద్ద నగరములలో అట్టి విదేశ జంతువులను అమ్మువారు గలరనియు, సొమ్మిచ్చిన ఇంటికే పంపుదురనియు వినికిడి. గోడమీది బూడిదవన్నె బల్లిని చీపురుతో కొట్టి వీధిలోనికి విసరు చేయియే, దాని దాయాదియైన పచ్చబల్లికి వేలకొలది రూప్యములు చెల్లించుటకు చాపబడుచున్నది. ఈ రెండు పనులకును మూలము ఒక్కటేయనియు, ఆ ప్రాణి బ్రతుకు మనకు తెలియకపోవుటయే ఆ మూలమనియు నా యభిప్రాయము. తెలిసినచో కొట్టుటయు మానుదుము, కొనుటయు మానుదుము.

పగటి బల్లులని లోకమున ప్రసిద్ధి కెక్కినవి ఫెల్సూమా యను ప్రజాతికి చెందినవి. 1825వ సంవత్సరమున జాన్ ఎడ్వర్డ్ గ్రే యను ఆంగ్ల ప్రాణిశాస్త్రజ్ఞుడు, డచ్చి వైద్యుడైన ఫాన్ ఫెల్సుమ్ పేర ఈ ప్రజాతికి నామకరణము చేసెను. నేడు ఏబదికి పైగా జాతులు లెక్కకు వచ్చినవి. మడగాస్కరు, కొమొరో దీవులు, సీషెల్సు, మారిషసు మొదలగు హిందూమహాసముద్ర పశ్చిమ ద్వీపములే వీనికి పుట్టినిండ్లు. బల్లి కుటుంబమున అధికభాగము నిశాచరములై, నిలువు చీలికవంటి కనుపాపలు గలిగియుండగా, సూర్యకాంతిలో సంచరించు ఈ జాతులకు కనుపాప గుండ్రము. కనురెప్పలు వీనికిని లేవు. కంటిని కప్పియుండు పారదర్శకమైన పొరపై ధూళి పడినపుడు నాలుక చాచి తుడుచుకొనును. వ్రేళ్ల చివర వెడల్పైన మెత్తలు, ఆ మెత్తల క్రింద కంటికి కానరాని కోట్ల రోమాగ్రములు గలవు. బల్లి గోడను పట్టుకొని యుండుట జిగురు చేతను కాదు, పీల్చుట చేతను కాదు. ఆ రోమాగ్రములకును గోడకును నడుమ అణువులకు అణువులకు గల స్వల్పాకర్షణములే కోట్లుగా కూడి దేహభారమును మోయుచున్నవని కెల్లర్ ఆటమ్ ప్రభృతులు టోకే బల్లి పాదములపై జరిపి 2000, 2002 సంవత్సరములలో ప్రకటించిన పరిశోధనల వలన తేటతెల్లమైనది.

ఆ పచ్చదనపు మర్మము మన వాడవారికి చెప్పదగినది. రసాయనపు రంగులు రాకపూర్వము అద్దకపువాడు నూలును ఆకుపచ్చ చేయవలెనన్న, ముందు నీలితొట్టిలో ముంచి ఆరవేసి, పిమ్మట పసుపురంగు పట్టించెడివాడు. నీలముపై పసుపు నిలిచి కంటికి పచ్చయయ్యెడిది. పగటి బల్లి చర్మమున జరుగుచున్నదియు ఇట్టిదే. లోపలి కణములలో సన్నని స్ఫటికములు వరుసలు దీరి కాంతిలోని నీలమును త్రిప్పి కొట్టును; వానిపై పఱచుకొనియున్న పసుపు వర్ణద్రవ్యము గుండ ఆ నీలము వెలికి వచ్చునపుడు మనకు చిగురువన్నె గోచరించును. కెంపు చుక్కల దగ్గఱ వేఱొక వర్ణద్రవ్యము చేరును. మడగాస్కరు పెద్ద పగటి బల్లిపై జరిపి 2013లో ప్రకటించిన పరిశోధన ఈ పొరల కూర్పును కణము కణముగ విప్పి చూపినది. చలి సోకినను, బెదరినను ఈ మేని వన్నె మాసి నల్లబడును. ఫోనులోని చిత్రమున ధగద్ధగాయమానముగ కనబడిన బల్లి, గాజుపెట్టెలో మూలకు నక్కి మసిగుడ్డ రంగున నుండుటకు కారణ మిదియే. కొన్నవాడు మాత్రము అమ్మినవాడు మోసగించెనని తలచును.

ఈ ప్రజాతిలో ఒక్క జాతి మాత్రము తన బంధువులందఱిని విడిచి, నాలుగువేల కిలోమీటర్లకు మించిన సముద్రమునకు ఈవల, మన అండమాను దీవులలో నివసించుచున్నది. కలకత్తా ఆసియాటిక్ సొసైటీ వస్తుశాలను చూచుచుండిన ఎడ్వర్డ్ బ్లైత్ 1861లో దీనికి ఫెల్సూమా అండమానెన్సిస్ అని పేరిడెను. భారతదేశమున ఫెల్సూమా జాతి యిదియొక్కటియే. అడవి చెట్లపైనే కాక, కొబ్బరి, పోక, అరటి తోటలలోను, ఇండ్ల వాసములపైనను పట్టపగలు నిర్భయముగ తిరుగును. పురుగులను తినును, పూదేనెను నాకును, మిగులబండిన ఫలము దొరకిన దాని రసమును విడువదు. మగదాని తోక నీలిఛాయ దేరును. శ్రీకాకుళ విశాఖ తీరములనుండి పని వెదకికొనుచు పోయి, పోర్టుబ్లెయిరు పరిసరములలో స్థిరపడిన తెలుగువారు వేలకు వేలు గలరు. ఇచ్చట మనవారు అపురూపమని సొమ్ముపెట్టి కొనజూచు పచ్చబల్లి వారికి పెరటి కొబ్బరిచెట్టుమీది ప్రాణి. దానిని కొనవచ్చునను ఊహయే వారికి హాస్యాస్పదముగ తోచునని నా నమ్మకము.

తెలుగువారికిని పగటి బల్లులకును అంతకంటె పాతది, అంతకంటె విస్తారమైనదియునగు సహవాసము మారిషసులో నున్నది. 1830వ దశకము మొదలుకొని చెఱకుతోటల కూలికి ఒప్పందములపై పోయిన మన పూర్వులు కోరంగి రేవున ఓడలెక్కినందున, ఆ దేశమున వారిని కోరంగీలని పిలిచిరి. నేడు అచ్చట ఉగాది ప్రభుత్వపు సెలవుదినము. వారు దిగిన ఆ నేల పగటి బల్లులకు రాజ్యము. ఆ దీవిలో కొన్ని పువ్వుల మకరందము ఇతర పువ్వుల మకరందమువలె వర్ణరహితముగ గాక ఎఱ్ఱగను పసుపుగను నుండును. 1992లో జాతీయపుష్పముగ ప్రకటింపబడిన ట్రొకేషియా పువ్వునందును తేనె ఎఱ్ఱనిదే. ఈ రంగు ఎవరికొఱకని చిరకాలము సంశయింపగా, ఆ రంగుతేనె బల్లులకు పిలుపని 2006లో పరిశోధకులు కృత్రిమపుష్పములు చేసి, వర్ణము గలదియు లేనిదియు నగు తేనెను నింపి, ఆర్నేటా యను పగటి బల్లి యెదుట పెట్టి నిరూపించిరి. రూసియా యను మఱియొక తీగపొద గలదు. లోకమున మఱెచ్చటను లేని ఆ పొద పువ్వులకు పుప్పొడి మోయుటయు, పండిన కాయల విత్తనములను వెదజల్లుటయు, నీలితోక గల సెపెడియానా యను ఒక్క పగటి బల్లి వంతు. దేశాంతరమునుండి వచ్చిన తెల్లకాళ్ల చీమ ఆ పువ్వులలో పిండినల్లిని కాచుకొని కూర్చుండి బల్లిని తఱిమివేయుటచే, పొదకు కాయ పట్టుటయే తగ్గినదని 2009లో గుర్తించిరి. బల్లి యొకటి పువ్వునకు పోలేకపోయిన, ఒక వృక్షజాతి వంశమే సందేహమున పడినది.

సంతానోత్పత్తియందు ఈ జాతుల పద్ధతి మన గోడబల్లి పద్ధతికి దగ్గఱగానే యున్నది గనుక రెంటిని కలిపి చెప్పెదను. మగది తన చెట్టును, తన యెండపట్టును పరులకు విడువదు. తల యూపి, తోక ఆడించి ఎదిరిని హెచ్చరించి, వినకున్న కఱచును. ఆడుది సామాన్యముగ ఒక్కమాటు రెండు గ్రుడ్లు పెట్టును. పెట్టినపుడు మెత్తగా నుండు ఆ గ్రుడ్లను పగటి బల్లులలో తల్లి వెనుక కాళ్లనడుమ పట్టుకొని, గాలికి పెంకు గట్టిపడువఱకు నిలుచును. కొన్ని జాతులు వానిని చెట్టుబెరడునకో రాతికో అంటించివేయును, మఱికొన్ని ఆకుల తొడిమలలో విడిగ వదలును. పెంకునకు కావలసిన సున్నమును ఆడుది మెడకు ఇరుప్రక్కల గల సంచులలో ముందుగనే కూడబెట్టుకొనును; బాగుగ తిన్న ఆడుదాని మెడ ఉబ్బియుండుట చూచి వ్యాధి యని భ్రమపడువారు గలరు. తల్లి పొదుగదు. పరిసరముల వెచ్చదనమే పొదుగు. ఆ వెచ్చదనపు హెచ్చుతగ్గులనుబట్టియే కొన్ని జాతులలో పిల్ల ఆడదియో మగదియో నిర్ణయమగును. నెలన్నర రెండు నెలలకు పిల్ల పెంకు పగులగొట్టుకొని, ఎవరి సాయము లేకయే పురుగును పట్టుకొనును. ఈ గట్టి పెంకు చేసిన ఘనకార్యము ఇంకొకటి గలదు. మృదువైన గ్రుడ్డు ఎండిపోవుచోట ఇది ఎండదు. కొట్టుకొనిపోవు మ్రానులపై అంటుకొని సముద్రపు ఉప్పునీటిని సహించి, ప్రాణముతో అవతలి దరికి చేరగలదు. ద్వీపములలో బల్లులు నిండుటకును, బహుశః అండమానుకు ఈ యొంటరి జాతి చేరుటకును ఇదియే దారి.

మన దక్షిణాపథమున పగటి బల్లులు లేవని పాఠకుడు తలపవలదు. ఫెల్సూమాతో సన్నిహిత బంధుత్వము లేకయే, స్వతంత్రముగ పగటిబ్రతుకునకు అలవడిన నెమాస్పిస్ అను ప్రజాతి మన కొండలలో నున్నది. ఇవి వ్రేలి పొడవు కూడ లేనివి, రాతివన్నెవి, వ్రేళ్లకు మెత్తలు లేక గోళ్లు గలవి; ఆకుపచ్చ లేదు గాని, గుండ్రని కనుపాప వీనికిని గలదు. సతారా దగ్గఱి కాస్ పీఠభూమి జాతికి, సరీసృపశాస్త్రజ్ఞుడు వరద్ గిరి పేర, 2014లో గిరియై అని పేరు పెట్టిరి. ఆంధ్రదేశమున మదనపల్లె చెంతనున్న ఋషివాలీ గుట్టలపైనుండి రిషివాలియెన్సిస్ అను జాతిని 2020లో వర్ణించిరి. అదే సంవత్సరమున నెల్లూరు వెలికొండలనుండి మఱియొక జాతి వెలువడినది. విద్యార్థులు తరతరములుగ ఎక్కిదిగిన గుట్టల రాళ్లసందున, నిన్న మొన్నటివఱకు శాస్త్రమునకు పేరు తెలియని ప్రాణి పట్టపగలు తిరుగుచుండెననుట ఎంత వింత! శేషాచలమున బెడ్డోము అను ప్రాణిశాస్త్రజ్ఞుడు 1870లో కనుగొన్న బంగారు బల్లి పగటిది కాకపోయినను దాని ప్రస్తావన లేకుండ ఈ మాట ముగింపజాలను. గ్రుడ్లు పెట్టు కాలమున మగది పసిడివన్నె దాల్చును. అనేకములైన ఆడువి ఒక్క రాతి నెఱియలోనే, ఒకదాని ప్రక్క నొకటిగ, గ్రుడ్లను అంటించును. తిరుమలకు ఏటేట పోవు మన వాడవారిలో దీని పేరు విన్నవారు ఎందఱు?

ఇక మన గోడకు వత్తము. షోలాపురమున 1877లో పాత గిర్ని కట్టిననాటినుండి కరీంనగరము, నల్లగొండ, పాలమూరు సీమలనుండి తరలివచ్చిన సాలెవారి ఇండ్లలో, రేకుల కప్పుల క్రింద, రాత్రి పాళీ మగ్గముల మీది గొట్టపు దీపముల వెనుక బ్రతుకు బల్లులు హెమిడాక్టైలస్ ప్రజాతివి, రాత్రి బల్లులు. దీపమునకు మూగు పురుగులే వాని వేట. దోమలను, రెక్కల చీమలను, చిన్న బొద్దింకలను అవి మ్రింగుచుండగా మనము నూలు ధూళిలో కూర్చుండి దోమలబత్తి వెలిగింతుము. బల్లి విషము గలది యనుమాట అసత్యము. ఐనను దాని విసర్జనమునందు కడుపునొప్పి వాంతులు కలిగించు సూక్ష్మజీవులుండవచ్చును గనుక అన్నముపై మూత యుంచుట వివేకము. బల్లి పడిన కూర పాఱవేయుట తప్పుకాదు, దానిని చంపుట తప్పు. గోడ పగులులో, తలుపుచట్టము వెనుక తెల్లని గ్రుడ్లు రెండు కనబడినయెడల, మార్కండేయ రథోత్సవమునకని సున్నము కొట్టువారు ఆ మూలను రెండు నెలలు విడిచిపెట్టిన ఎవరి పండుగయు చెడదు. కుంభారి వైపున బీడీకార్మిక స్త్రీలకై కట్టిన గృహసముదాయములలోను, 2024 జనవరిలో ప్రారంభమైన రాయ్ నగరపు కొత్త ఇండ్లలోను పగుళ్లు లేవు, నెఱియలు లేవు. అచ్చట బల్లి తన త్రోవను తాను వెదకికొనును. ఆ నేర్పు విషయమున దానికి మన పాఠ మవసరము లేదు.

ఈ గోడబల్లినే నేను నిర్దోషియని మెచ్చుకొనుచున్నానని యెవరును అనుకొనకుందురుగాక. ఓడలపై ఎక్కి మారిషసు చేరిన ఆసియాఖండపు ఇంటిబల్లి, అచ్చటి స్వదేశ రాత్రిబల్లులను వాని నెలవులనుండి వెడలగొట్టి, కొన్ని చిన్న దీవులకు మాత్రమే పరిమితము చేసినది. ఇంటియొద్ద సాధువైనది పరసీమలో పీడయగుటకు ఇది నిదర్శనము. పెంపకపు పచ్చబల్లి విషయమును అట్టిదే. మడగాస్కరు పెద్ద పగటి బల్లిని మారిషసునకు మనుష్యులే గత శతాబ్దాంతమున తెచ్చిరి. బయటపడిన ఆ బల్లి నేడు ఆ దీవి చిన్న పగటి బల్లులను మ్రింగుచు వ్యాపించుచున్నది. రోడ్రిగ్స్ దీవి సొంత పగటిబల్లి యొకటి 1917 తరువాత కానరాలేదు. రౌండు దీవిలోని గుంథెరీ యను పెద్ద జాతి నిలిచినదన్న, మేకలను 1979లోను, కుందేళ్లను 1986లోను ఆ దీవినుండి పూర్తిగ తొలగించి, తాటిచెట్లను మరల పెరుగనిచ్చినందువలననే. మనుష్యులు వేడుకకో తిండికో ఓడ దించిన జంతువుల లెక్క సరిచేయుటకు ఎంత కాలము పట్టినదో చూడుడు.

చట్టము కూడ ఈ విషయమున నిదురించుటలేదు. ఫెల్సూమా ప్రజాతి యంతయు 1977నుండి అంతర్జాతీయ వన్యప్రాణి వ్యాపార ఒడంబడికయైన సైటీస్ రెండవ అనుబంధమున నున్నది. మన వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిలు 1నుండి అమలులోనికి వచ్చినది. సైటీస్ జంతువులకై ఏర్పడిన దాని నాల్గవ షెడ్యూలులోని ప్రాణులను ఇంట నుంచుకొనువారు వానిని నమోదు చేయవలెనని 2024 ఫిబ్రవరిలో నియమములు వెలువడినవి. కావున బిల్లు లేకుండ, పత్రము లేకుండ, డబ్బాలో పెట్టి పార్సిలులో వచ్చు పచ్చబల్లి ముద్దుల ప్రాణి కాదు, దొంగసొత్తు. దానిని కొను కుఱ్ఱవాడు తండ్రి మగ్గము కూలిని దొంగవాని చేతిలో పోయుచున్నాడని నిర్మొగమాటముగ చెప్పవలసియున్నది.

నూలు ధర, విద్యుత్తు బిల్లు, మూతబడుచున్న కారఖానాలు, ఇవి మా నెత్తిన కూర్చుండగా మీకు బల్లి దొరకినదా యని అడుగువారుందురు. అడుగుట న్యాయమే. కాని నేను కోరుచున్నది చందా కాదు, సంఘము కాదు, సభ కాదు. క్యాలెండరు అచ్చువేయు వర్తకులు గౌళిపతన ఫలముల యెదుటి పుటలో అర్ధభాగము విడిచి, మన గోడబల్లి యొకటి, అండమాను పచ్చబల్లి యొకటి, వెలికొండ రాతిబల్లి యొకటి బొమ్మలు వేసి, తిండి, గ్రుడ్లు, నివాసము నాలుగేసి పంక్తులలో తెలిపిన చాలును. పట్టికను తీసివేయ బనిలేదు. రెండవ కోరిక మన తెలుగు పిల్లలు చదువు పాఠశాలల ఉపాధ్యాయులకు. ఏటేట విహారయాత్రలని మహాబలేశ్వరమునకు పిల్లలను గొనిపోవుచునే యున్నారు. స్ట్రాబెరీలు తిని, గుఱ్ఱమెక్కి తిరిగివచ్చు ఆ యాత్రలో సతారా వైపు మఱలి, కాస్ దారి ప్రక్క రాళ్లయొద్ద ఒక గంట ఆగినచో, రాతిపై కదలక నిలిచి తమనే గుండ్రని కంటితో చూచుచున్న పగటి బల్లిని పిల్లలకు చూపవచ్చును. తాకనీయవలదు, పట్టనీయవలదు, రాళ్లను దొర్లించనీయవలదు. వర్షాకాలపు పూలకై అచ్చట జనము క్రిక్కిరియు నెలలను విడిచి పోవుట మేలు. ప్రయాణపు ఖర్చు పాత ఖర్చే. పగటి బల్లి గనుక బ్యాటరీ దీపము కూడ కొనవలసిన పనిలేదు.